కంప్యూటరుకు పని చెప్పడం ఎలా?

ధనుర్మాసం వచ్చిందంటే గోదావరి ఊళ్ళలో ఏ వాకిలి చూసినా ముగ్గే. వారపత్రికల్లో కొత్త కొత్త ముగ్గులు వేస్తారు. బొమ్మ కింద ఒక చిన్న మాట రాసి ఉంటుంది. “7 చుక్కలు, 4 వచ్చే వరకు, సందు చుక్క.” అక్షరాలు రానప్పుడు బొమ్మలో చుక్కలు వేలితో లెక్కపెట్టుకోవాల్సి వచ్చేది. ఇప్పుడు ఆ మాట చదివితే చాలు.

ఆ ఒక్క మాటలో చుక్కలన్నీ ఉన్నాయి. నడిమి వరసలో 7 చుక్కలు. దాని పైన 6. ఆ పైన 5. ఆ పైన 4. కింది వైపు కూడా అంతే. ఒక వరస చుక్కలు పక్క వరస చుక్కల సందుల్లో పడాలి. మొత్తం 37 చుక్కలు అవుతాయి. 37 చుక్కలూ గీసి చూపించక్కర్లేదు. ఎలా పెట్టాలో చెబితే సరిపోయింది.

కంప్యూటరు ప్రోగ్రాం అన్నా ఇదే. ఒక పని ఎలా చెయ్యాలో వరసగా రాసిన మాటలే ప్రోగ్రాం. ఎక్కడ మొదలు పెట్టాలి, ఒక్కో అడుగులో ఏం చెయ్యాలి, ఎక్కడ ఆపాలి? ఇవి అందులో ఉండాలి.

అయితే ఒక తేడా ఉంది. ముగ్గు వేసే మరదలికి సగం చెబితే చాలు. మిగతా సగం తనే సర్దుకుంటుంది. “ఏం వదినా, ఇక్కడ ఆపెయ్యనా?” అని అడుగుతుంది. వాకిలి ఇరుకైతే చుక్కలు దగ్గరగా పెడుతుంది. కంప్యూటరుకు ఆ తెలివి లేదు. చెప్పింది అర్థం కాకపోతే ఆగిపోతుంది. అర్థమైతే, అది తప్పు మాటయినా సరే, చేసేస్తుంది. కాబట్టి దానికి ముగ్గు ఇలా చెప్పాలి:

1. లెక్క 7 అనుకో.
2. లెక్కలో ఎన్ని ఉన్నాయో అన్ని చుక్కలు ఒక వరసలో పెట్టు.
3. లెక్క 4 అయిందా? అయితే ఆగిపో.
4. లెక్కలో 1 తగ్గించు.
5. సగం సందు పక్కకు జరిగి పై వరసకు వెళ్ళు. మళ్ళీ 2వ మాట నుంచి చెయ్యి.

వేలు పెట్టి ఒక్కో మాటా చదవండి. మీరే కంప్యూటరు అనుకుని చెయ్యండి. 7 పెట్టారు, 6 పెట్టారు, 5 పెట్టారు, 4 పెట్టారు. ఆగారు. పై సగం అయిపోయింది. కింది సగానికి కూడా ఇలాగే ఇంకో అయిదు మాటలు రాయాలి. కానీ అక్కడ 6 నుంచి మొదలు పెట్టాలి. ఎందుకంటే నడిమి వరస అప్పటికే పెట్టేశాం కదా!

ఇప్పుడు 3వ మాట కొట్టేయండి. ఏమవుతుంది? 4 తర్వాత 3 పెడుతుంది. 2 పెడుతుంది. 1 పెడుతుంది. తర్వాత సున్నా. ఆ తర్వాత సున్నా కంటే కిందికి దిగుతుంది. పెట్టడానికి చుక్కలు లేకపోయినా పై వరసకు, ఆ పై వరసకు పోతూనే ఉంటుంది. ఆపమని ఎవరూ చెప్పలేదు మరి.

వాడడం వేరు, రాయడం వేరు

కంప్యూటరు మన ఊళ్ళకు కొత్త కాదు. 2002లో పశ్చిమ గోదావరి జిల్లాలో గ్రామీణ ఈ-సేవ కేంద్రాలు పెట్టారు. వాటిని నడిపే పని పొదుపు సంఘాల ఆడవాళ్ళకు ఇచ్చారు. అప్పటివరకు కంప్యూటరు ముట్టుకోని వాళ్ళు కరెంటు బిల్లులు కట్టించుకున్నారు. కాగితాలు తీసి ఇచ్చారు. మీట నొక్కితే పేలిపోతుందేమోనన్న భయం పోయింది. తర్వాత 2011లో మీ-సేవ వచ్చింది. ఇప్పుడు చేతిలో ఫోను కూడా ఒక కంప్యూటరే.

ఇదంతా వాడడం. ఎవరో రాసిన ప్రోగ్రాం ముందు కూర్చుని పని చేయించుకోవడం. వాడడం వస్తే చాలా మేలే. కానీ బిల్లు లెక్క లోపల ఎలా జరుగుతోందో వాడే మనిషికి కనిపించదు. అది రాసిన వాళ్ళకే తెలుస్తుంది. ఇందులో ఏముందిలే అనుకోవద్దు. సంఘం అప్పు లెక్క ఒకటి చూడండి.

110 రూపాయలా? 200 రూపాయలా?

ఒక సభ్యురాలు సంఘంలో 1000 రూపాయలు అప్పు తీసుకుంది అనుకుందాం. నెలకు నూటికి 2 రూపాయల వడ్డీ. నెలకు 100 చొప్పున పది నెలల్లో అసలు తీర్చెయ్యాలి. మొత్తం వడ్డీ ఎంత?

ఒక పద్ధతి ఇలా ఉంటుంది. 1000కి నెలకు 20 రూపాయలు. పది నెలలకు 200. లెక్క అయిపోయింది.

ఇంకో పద్ధతి ఉంది. మొదటి నెల అప్పు 1000. వడ్డీ 20. ఆ నెల 100 కట్టింది. రెండో నెల అప్పు 900 మాత్రమే. వడ్డీ 18. మూడో నెల 800 మీద 16. అలా దిగుతూ పదో నెల 100 మీద 2 రూపాయలు. 20, 18, 16, 14, 12, 10, 8, 6, 4, 2. కూడితే 110.

రెండిట్లోనూ వడ్డీ నూటికి రెండే. తేడా మాత్రం 90 రూపాయలు. మొదటి పద్ధతిలో తీర్చేసిన డబ్బు మీద కూడా వడ్డీ పడింది. 

కాగితం మీద రాసినప్పుడు ఈ తేడా కనబడుతుంది. ఎవరో ఒకరు వేలు పెట్టి “ఇదేంటండీ?” అంటారు. అదే కంప్యూటరులో పెట్టాక తెర మీద 200 అని ఒక్క అంకె వస్తుంది. “కంప్యూటరు చెప్పిందమ్మా” అంటారు. అందరూ ఊరుకుంటారు. కంప్యూటరు కూడికలో తప్పు చెయ్యదు, నిజమే. కానీ ఏది కూడాలో దానికి మనిషే చెప్పాడు. మొదటి పద్ధతి రాస్తే అది 200 అంటుంది. రెండోది రాస్తే 110 అంటుంది. రెండు సార్లూ అంతే ధీమాగా చెబుతుంది. అందుకే ఎక్కడైనా అప్పు లెక్క అచ్చు కాగితం చేతికిస్తే అడగాల్సిన మాట ఒకటుంది: “వడ్డీ మొదటి అప్పు మీద వేశారా, మిగిలిన అప్పు మీద వేశారా?”

ప్రోగ్రాం రాయడం కాస్త తెలిసిన మనిషి ఈ మాట అడగడానికి జంకదు.

మొదటి మూడు వరసలు

కంప్యూటరుతో మాట్లాడడానికి చాలా భాషలున్నాయి. కొత్తగా నేర్చుకునే వాళ్ళకు ఎక్కువగా చెప్పేది పైథాన్. నెదర్లాండ్స్ దేశస్థుడు గైడో వాన్ రోసమ్ దీన్ని 1991లో బయటికి తెచ్చాడు. పైథాన్ అంటే కొండచిలువ. కానీ ఆ పేరు పాము నుంచి రాలేదు. ఇంగ్లండు టీవీలో వచ్చిన ఒక నవ్వుల కార్యక్రమం పేరులోంచి తీసుకున్నాడు. ఈ భాష ఉచితం. కంప్యూటరులో పెట్టుకోవడానికి పైసా కట్టక్కర్లేదు.

“ఇంగ్లీషు రాదు కదా, ఎలా?” అని చాలామంది అడుగుతారు. పైథాన్ తనకోసం ప్రత్యేకంగా పెట్టుకున్న ఇంగ్లీషు మాటలు 35 మాత్రమే. వాటిలోనూ మొదట్లో పది వస్తే పని నడుస్తుంది. ఇంకో సంగతి వింటే ఆశ్చర్యం వేస్తుంది. లెక్కలకు మనం పెట్టుకునే పేర్లు తెలుగు అక్షరాల్లో రాసినా పైథాన్ ఒప్పుకుంటుంది. చూడండి:

అప్పు = 1000
వడ్డీ = అప్పు * 2 / 100
ప్రింట్(వడ్డీ)

మూడో వరసలో ప్రింట్ అనే మాట ఒక్కటే ఇంగ్లీషు అక్షరాలతో కొట్టాలి. ప్రింట్ అంటే ఇక్కడ “తెర మీద చూపించు” అని. చుక్క గుర్తు అంటే గుణకారం. వాలు గీత అంటే భాగహారం.

మొదటి వరసలో ఏం జరిగింది? అప్పు అని పేరు రాసిన ఒక డబ్బాలో 1000 వేశాం. వంటింట్లో పోపుల డబ్బాలో ఒక్కో గిన్నెలో ఒక్కో దినుసు ఉంటుంది కదా. అలాగే కంప్యూటరులో ఒక్కో పేరు కింద ఒక్కో అంకె ఉంటుంది. రెండో వరసలో అప్పు డబ్బా తెరిచి చూసి, 2తో గుణించి, 100తో భాగించి, వచ్చింది వడ్డీ డబ్బాలో వేసింది. మూడో వరసలో చూపించింది.

తెర మీద 20.0 అని వస్తుంది. ఉత్త 20 కాదు. భాగహారం చేస్తే పైసలు మిగలవచ్చు కదా, అందుకని చుక్క పెట్టి చూపిస్తుంది. తప్పేం కాదు. ఇప్పుడు మొదటి వరసలో 1000 తీసి 5000 పెట్టండి. మిగతా రెండు వరసలూ ముట్టుకోవద్దు. 100.0 వస్తుంది. ఒకసారి రాసిన వరసలు ఎవరి అప్పుకైనా పనికొస్తాయి.

110 రావాలంటే ఇంకొంచెం రాయాలి. అది మాటల్లో ఇలా ఉంటుంది. అప్పు 1000. మొత్తం వడ్డీ 0. అప్పు సున్నా కంటే ఎక్కువ ఉన్నంత సేపూ ఈ రెండు పనులు చెయ్యి: ఉన్న అప్పు మీద వడ్డీ లెక్కకట్టి మొత్తంలో కలుపు, అప్పులోంచి 100 తీసెయ్యి. ముగ్గులో వరస వరసకీ ఒక చుక్క తగ్గినట్టే ఇక్కడ నెల నెలకీ 100 తగ్గుతుంది. పైథాన్‌లో “ఉన్నంత సేపూ” అనడానికి వైల్ అనే మాట వాడతారు. లోపల చెయ్యాల్సిన రెండు వరసల్నీ కాస్త కుడి పక్కకు జరిపి రాయాలి. జరపకపోతే ఒప్పుకోదు.

100 తీసే వరస మర్చిపోతే? అప్పు ఎప్పటికీ 1000గానే ఉంటుంది. వడ్డీ పెరుగుతూనే ఉంటుంది. కంప్యూటరు ఆగదు. అసలు తీరని అప్పు సంగతి ఆడవాళ్ళకు ఎవరూ వివరించి చెప్పక్కర్లేదు. అలాంటప్పుడు కంట్రోల్ అనే మీట, సి అనే మీట కలిపి నొక్కితే ఆగుతుంది.

ఎర్రర్ వస్తే

నేర్చుకునే మొదటి నెలంతా ఎర్రర్లే. తెర మీద ఇంగ్లీషులో గడగడా వరసలు పడతాయి. చెడగొట్టేశాననుకుని చాలామంది అక్కడే లేచిపోతారు. ఏమీ చెడిపోదు. ఎర్రర్ అంటే “నువ్వు చెప్పింది నాకు తెలియలేదు” అని కంప్యూటరు చెప్పడమే. ముందు అన్నిటికంటే కింది వరస చదవాలి. ఏం తప్పు జరిగిందో అక్కడ ఉంటుంది. ఏ వరసలో జరిగిందో ఆ అంకె పైన ఉంటుంది.

పైన రాసిన మూడు వరసల్లో రెండో వరసలో వడ్డీ అని రాశాం. మూడో వరసలో పొరపాటున వడ్డి అని రాశారనుకోండి. గుడిదీర్ఘం బదులు గుడి పడింది. చదివే మనిషి అయితే సర్దుకుని చదువుతుంది. కంప్యూటరుకు అవి రెండు వేర్వేరు పేర్లు. “నేమ్ ఎర్రర్” అంటుంది. ఈ పేరు నాకు ఎవరూ చెప్పలేదే అని దాని అర్థం. దీర్ఘాలు, ఒత్తులు జాగ్రత్తగా రాసే అలవాటు ఈ మధ్యే చేసుకున్న వాళ్ళకు ఇక్కడ లాభమే ఉంది. ఏళ్ళ తరబడి గబగబా రాసే అలవాటున్న వాళ్ళే ఎక్కువ తప్పులు చేస్తారు.

ఎర్రర్ రాకుండా తప్పు లెక్క రావడం ఉంది చూశారూ, అదే ప్రమాదం. 2కు బదులు 20 కొడితే కంప్యూటరు ఏమీ అనదు. వడ్డీ 200.0 అని చూపిస్తుంది. అందుకని రాసిన ప్రతి ప్రోగ్రాంనూ ముందు మనకు జవాబు తెలిసిన చిన్న లెక్కతో పరీక్ష చెయ్యాలి. 100 రూపాయలకు 2 రావాలి. వచ్చిందా? అప్పుడు పెద్ద లెక్క ఇవ్వాలి.

ఇది మగవాళ్ళ పనా?

“కంప్యూటరు అబ్బాయిల చదువండీ” అనే వాళ్ళు ఇంకా ఉన్నారు. జరిగింది వేరు.

యంత్రానికి వరసగా పని చెప్పడం మొదట నేతలో బాగా కనిపించింది. ఫ్రాన్సు దేశంలో జాకార్డ్ అనే ఆయన 1804లో ఒక మగ్గం చేశాడు. అట్టల మీద చిల్లులు కొట్టి మగ్గానికి తగిలిస్తే, చిల్లు ఉన్న చోట ఒక రకంగా, లేని చోట ఒక రకంగా పోగులు లేస్తాయి. పువ్వు పడుతుంది. చీర అంచుల మీద బుటాలు నేసే జాకార్డ్ మగ్గాలకు ఆ పేరు ఆయన నుంచి వచ్చిందే. ఆ అట్టల ఆలోచన తీసుకుని ఇంగ్లండులో చార్లెస్ బాబేజ్ లెక్కలు చేసే యంత్రం ఒకటి ఊహించాడు. అది పూర్తిగా తయారు కాలేదు. అలాంటి యంత్రం ఉంటే ఒక పెద్ద లెక్కను ఏ వరసలో చెయ్యాలో 1843లో ఒకామె రాసి అచ్చు వేయించింది. ఆమె అడా లవ్‌లేస్. మొదటి ప్రోగ్రాం అదే అని చాలామంది అంటారు. పేరులోనే లేసు ఉంది చూడండి!

1946లో అమెరికాలో ఎనియాక్ అనే పెద్ద కంప్యూటరును లోకానికి చూపించారు. ఒక పెద్ద గది నిండా ఉండేది. దానికి లెక్కలు ఎక్కించింది ఆరుగురు ఆడవాళ్ళు. వైర్లు ఇక్కడ పీకి అక్కడ గుచ్చి, మీటలు తిప్పి పని చెప్పేవాళ్ళు. యంత్రం చేసిన మగవాళ్ళ పేర్లు పేపర్లలో వచ్చాయి. ఈ ఆరుగురి పేర్లు లోకానికి తెలియడానికి దాదాపు నలభై ఏళ్ళు పట్టింది.

నరసాపురం చుట్టుపక్కల లేసు అల్లే వాళ్ళకు ఈ కథ తెలిసిందే. 19వ శతాబ్దంలో మిషనరీల ద్వారా వచ్చిన ఈ అల్లిక ఊరూరా పాకింది. ఒకరు పువ్వులు అల్లే చేతిపని చేస్తారు. ఇంకొకరు వాటిని కలిపే అతుకుపని చేస్తారు. గొలుసులో ఇన్ని కుట్లు, తర్వాత ఇన్ని పొడవు కుట్లు, మళ్ళీ మొదటి నుంచి, ఇన్ని సార్లు – ఈ లెక్క అంతా వాళ్ళ వేళ్ళలో ఉంది. కొక్కెం సూదితో చేసేది కూడా ఒక ప్రోగ్రాం నడపడమే. ఒక కుట్టు తప్పితే పువ్వు వంకర పోతుంది. ఎక్కడ తప్పిందో వెనక్కి లెక్కపెట్టుకుంటూ వెళ్ళి, అక్కడి దాకా విప్పి, మళ్ళీ అల్లుతారు. ప్రోగ్రాం రాసే వాళ్ళు రోజంతా చేసేది కూడా ఇదే.

మరియా మీస్ అనే జర్మనీ పరిశోధకురాలు ఈ లేసు పనివాళ్ళ గురించి రాసిన పుస్తకం 1982లో వచ్చింది. ఇంటి ముందు కూర్చుని గంటల తరబడి అల్లే ఆ ఆడవాళ్ళను పనివాళ్ళుగా కాక ఉత్త గృహిణులుగా లెక్కేస్తున్నారని ఆమె చూపించింది. లేసు విదేశాలకు పోయేది. అల్లిన చేతికి కొద్ది కూలే దక్కేది. 2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. పేరు ఊరికి దక్కింది. కుట్ల లెక్క తెలిసిన మనిషే రేపు లేసు అమ్మకాల లెక్క కూడా తనే కంప్యూటరులో రాసుకుంటే, ఎంతకు కొన్నారో ఎంతకు అమ్మారో ఆమెకే తెలుస్తుంది.

ఎక్కడ మొదలు పెట్టాలి?

కంప్యూటరు ఉంటే మంచిది. లేకపోతే ఫోనులో పైథాన్ రాసే యాప్‌లు ఉన్నాయి. అక్షరాలు కొట్టడానికి చోటు ఇరుకు, అంతే. చిన్న పిల్లలకు పైథాన్ కంటే స్క్రాచ్ నయం. అమెరికాలో ఎమ్.ఐ.టి. అనే విద్యాసంస్థ వాళ్ళు 2007లో తెచ్చారు. ఉచితమే. అందులో మాటలు కొట్టక్కర్లేదు. రంగు రంగుల ముక్కలుంటాయి. ఒక్కో ముక్కలో ఒక్కో పని. ముక్కలు కలిపితే తెర మీద పిల్లి బొమ్మ నడుస్తుంది. అచ్చం అతుకుపని లాగే.

బొంబాయి ఐ.ఐ.టి. వాళ్ళ స్పోకెన్ ట్యుటోరియల్ పాఠాలు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. తెలుగు గొంతుతో చెప్పిన పాఠాలు కూడా వాటిలో ఉన్నాయి. కొంచెం వినాలి, ఆపాలి, చేసి చూడాలి. వారానికి ఒక రోజు నాలుగు గంటలు కూర్చోవడం కంటే రోజుకు అరగంట మేలు. ఇద్దరు ముగ్గురు కలిసి కూర్చుంటే ఇంకా మేలు. ఒకరికి కనపడని తప్పు ఇంకొకరికి కనపడుతుంది.

పదో తరగతి బాగా చదివే ఆడపిల్ల ఇంట్లో ఉంటే నూజివీడు ట్రిపుల్ ఐటీ సంగతి తెలుసుకోవాలి. 2008లో మొదలైంది. పదో తరగతి మార్కులు చూసి చేర్చుకుంటారు. ఆరేళ్ళ చదువు. పల్లెల పిల్లల కోసమే పెట్టారు.

టౌన్లో కోచింగ్ సెంటర్ల బోర్డులు చాలా కనిపిస్తాయి. “మూడు నెలల్లో ఉద్యోగం గ్యారంటీ” అని రాస్తారు. మూడు నెలల్లో మొదలు పెట్టడం వస్తుంది. ఉద్యోగానికి అది చాలదు. గాజులు తాకట్టు పెట్టి ఫీజు మొత్తం ఒకేసారి కట్టెయ్యవద్దు. ముందు ఒక నెల ఉచిత పాఠాలతో ఇంట్లో చేసి చూడాలి. పిల్లకు అందులో ఇష్టం ఉందో లేదో అక్కడే తెలిసిపోతుంది. సెంటరుకు వెళ్ళినప్పుడు నాలుగు మాటలు అడగాలి. ఏ భాష నేర్పుతారు? రోజుకు ఎంతసేపు కంప్యూటరు ముందు కూర్చోనిస్తారు? ఒక్కో కంప్యూటరుకు ఎంతమంది? కట్టిన డబ్బుకు రసీదు ఇస్తారా? జవాబు సరిగా చెప్పకపోతే లేచి రావడమే.

మామూలు మాటల్లో అడిగితే ప్రోగ్రాం తనే రాసిపెట్టే కంప్యూటర్లు కూడా 2022 చివరి నుంచి అందరికీ అందుబాటులోకి వచ్చాయి. “ఇంక నేర్చుకోవడం ఎందుకు?” అంటారు. సంఘం అప్పు లెక్క రాయమంటే అది రాసిపెడుతుంది. కానీ అది 200 పద్ధతిలో రాసిందో, 110 పద్ధతిలో రాసిందో చూసుకోవాల్సింది ఎవరు?

చేసి చూడండి

1. “9 చుక్కలు, 5 వచ్చే వరకు, సందు చుక్క.” మొత్తం ఎన్ని చుక్కలు? కాగితం మీద పెట్టి లెక్కపెట్టండి. (61 రావాలి.)

2. 2000 రూపాయల అప్పు. నూటికి 2 రూపాయల వడ్డీ. నెలకు 200 చొప్పున పది నెలల్లో తీర్చాలి. మిగిలిన అప్పు మీదే వడ్డీ. మొత్తం వడ్డీ ఎంత? ముందు చేత్తో చెయ్యండి. (220 రావాలి.)

3. పక్కింటి పిన్నికి టీ పెట్టడం మాటల్లో రాసి ఇవ్వండి. ఆవిడ రాసింది రాసినట్టే చెయ్యాలి, తన తెలివి వాడకూడదు. స్టవ్ ఆపమని రాశారా?